మా మేధోసంపత్తి కార్యాలయం పనితీరు: ఒక పరిశోధకుడి సమీక్ష

అధ్యాపకులు, పరిశోధకులు కనుగొన్నదానికి పేటెంటు తీసుకోవాలా వద్దా అని తేల్చే బాధ్యత చాలా విశ్వవిద్యాలయాల్లో ఒక చిన్న కార్యాలయం మీద ఉంటుంది. నేను పనిచేసే చోట దాన్ని మేధోసంపత్తి కార్యాలయం అంటారు. మా బృందం ఆ కార్యాలయానికి రెండు ఆవిష్కరణలను అప్పగించగా, ఒకదానికి దరఖాస్తు వేశారు, రెండోదానికి వద్దన్నారు. రెండు నిర్ణయాలూ సరైనవేనని నా అభిప్రాయం. అయితే వద్దన్న సంగతి చెప్పిన తీరు సరిగా లేదు. ఇలాంటి కార్యాలయాన్ని అది సంపాదించిన పేటెంట్ల సంఖ్యతో కొలవడం వాడుకలో ఉంది కానీ, కాదన్నప్పుడు ఎంత త్వరగా, ఎంత స్పష్టంగా చెబుతుందో చూస్తేనే దాని పనితీరు తెలుస్తుందని నేను నమ్ముతున్నాను.

ముందుగా మెచ్చుకోవలసినది ఆవిష్కరణ వెల్లడి పత్రం. పరిశోధనకు డబ్బు ఎవరిచ్చారు, వేరే ప్రయోగశాల నుంచి ఒప్పందం మీద తెచ్చుకున్న పదార్థాలేమైనా వాడారా, ఈ పని గురించి బయటివారికి ఎప్పుడు, ఎక్కడ చెప్పారు లేదా చెప్పబోతున్నారు అన్న ప్రశ్నలు అందులో సూటిగా ఉన్నాయి. ఆవిష్కర్తల పేర్లు రాసేచోట ఎవరు ఎంత శ్రమపడ్డారని కాక, ఏ ఆలోచన ఎవరికి తట్టిందని అడుగుతారు. పరిశోధన వ్యాసంలో రచయితగా ఉన్న ప్రతివారూ చట్టం దృష్టిలో ఆవిష్కర్త కారు. అసలు ఆలోచన ఇచ్చిన పరిశోధక విద్యార్థి పేరు వదిలేస్తే తర్వాత పేటెంటుకే ముప్పు రావచ్చు. ఈ విషయాన్ని మొదటి సమావేశంలోనే మా విద్యార్థుల ఎదుట విడమరచి చెప్పడం నాకు ఎంతో నచ్చింది.

తేదీల విషయంలోనూ వారు చాలా జాగ్రత్తగా ఉన్నారు. మా సదస్సు పత్రం సారాంశం ఎప్పుడు వెలువడుతుందని అడిగి, ఆలోపే ప్రొవిజనల్ దరఖాస్తు, అంటే తేదీని ఖాయం చేసే తాత్కాలిక దరఖాస్తు, దాఖలు చేశారు. అమెరికాలో ఆవిష్కర్త తన పనిని బయటపెట్టిన తర్వాత కూడా దరఖాస్తుకు ఏడాది గడువుంటుంది. ఐరోపాలో మాత్రం, బహు కొద్ది మినహాయింపులు తప్ప, ముందే బయటపెడితే కొత్తదనం పోయినట్టే. స్టాన్ఫర్డ్‌కు చెందిన స్టాన్లీ కోహెన్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హెర్బర్ట్ బోయర్ జన్యువులను అతికించే పద్ధతిపై 1973 నవంబరులో వ్యాసం ప్రచురించారు. స్టాన్ఫర్డ్ లైసెన్సింగ్ కార్యాలయాన్ని నెలకొల్పిన నీల్స్ రైమర్స్ కోహెన్‌ను ఒప్పించి దరఖాస్తు వేయించేసరికి 1974 నవంబరు వచ్చింది. అమెరికా హక్కు ఏడాది గడువు ముగిసే ముందు దక్కింది కానీ, విదేశీ హక్కులు అప్పటికే చేజారాయి. ఆ ఒక్క దేశపు హక్కులతోనే 1997లో కాలం తీరేలోగా సుమారు 25.5 కోట్ల డాలర్ల ఆదాయం వచ్చింది.

ఇక అసలు నిర్ణయం సంగతి. మా రెండు ఆవిష్కరణలూ నీటిశుద్ధిలో వాడే వడపోత పొరలకు సంబంధించినవి. మొదటిది పొర తయారీకి వాడే పదార్థాల కూర్పు. రెండోది ఆ పొరను పగుళ్లు రాకుండా ఆరబెట్టే పద్ధతి. శాస్త్రపరంగా మాకు రెండోదే ఎక్కువ గర్వకారణం. మా ఫైలు చూసిన అధికారిణి మాత్రం ఆ పద్ధతి ఎంత బాగా పనిచేస్తుందో తెలుసుకున్న తర్వాత, మరో కంపెనీ తయారుచేసిన పొరను మీ చేతికిస్తే అది మీ పద్ధతిలోనే ఆరబెట్టారని పరీక్షించి చెప్పగలరా అని అడిగారు. చెప్పలేమన్నాం, ఎందుకంటే ఆరిన పొరలో ఆ పద్ధతి ఆనవాళ్లేవీ మిగలవు. ఫ్యాక్టరీ లోపల జరిగే పనిని బయటి నుంచి రుజువు చేయలేనప్పుడు పేటెంటు ఉన్నా దావా వేయడం కష్టం, దావా భయం లేనప్పుడు లైసెన్సుకు డబ్బు కట్టే కంపెనీ ఉండదు. కూర్పు అలా కాదు. పొర ముక్కను రసాయన విశ్లేషణకు పంపితే బయటపడుతుంది. అందుకే దానికి దరఖాస్తు వేశారు.

పేటెంటుకు అర్హత ఉందా అన్నది ఒక ప్రశ్న, పేటెంటు తీసుకోవడం దండగా కాదా అన్నది మరో ప్రశ్న. ముందే తెలిసిన పరిజ్ఞానాన్ని వెదికి కొత్తదనం తేల్చడం మొదటిదాని కోసం. రెండోది పూర్తిగా ఖర్చుకు సంబంధించినది. ప్రొవిజనల్ దరఖాస్తు ఖర్చు తక్కువే. 12 నెలలలోపు అంతర్జాతీయ దరఖాస్తు వేయాలి. మొదటి తేదీ నుంచి 30 నెలలకు చాలా దేశాల్లో విడివిడిగా ప్రవేశించాలి. ప్రతి దేశంలోనూ రుసుము, స్థానిక అటార్నీ, చాలాచోట్ల అనువాదం, మంజూరయ్యాక, దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు నిండేవరకు పునరుద్ధరణ ఖర్చులు తప్పవు. ఈ 30 నెలల గడువులోగా లైసెన్సు తీసుకునేవారు దొరక్కపోతే దరఖాస్తును వదిలేస్తామని మాకు ముందే చెప్పారు. అలా చెప్పడం న్యాయంగా అనిపించింది.

అయితే మార్కెట్ అంచనా మీద ఇంతగా ఆధారపడడంలో ప్రమాదం లేకపోలేదు. 1975లో శాస్త్రవేత్తలు కోహ్లర్, మిల్‌స్టైన్ మోనోక్లోనల్ యాంటీబాడీల (ఒకే లక్ష్యాన్ని గుర్తించే ఒకే రకం ప్రతిరక్షకాల) తయారీ పద్ధతిని ప్రచురించినప్పుడు, పేటెంటు సంగతి చూడవలసిన బ్రిటిష్ ప్రభుత్వ సంస్థకు అందులో వెంటనే పనికొచ్చే ఉపయోగం కనిపించలేదు. పేటెంటు తీసుకోలేదు. తర్వాత దాని మీద ఒక పరిశ్రమే నిలిచింది. మా కార్యాలయపు కమిటీలో అధ్యాపకులు, ఒక న్యాయవాది, ఒక అధికారి ఉన్నారు కానీ, వడపోత పరిశ్రమలో పనిచేసినవారు ఒక్కరూ లేరు. మా విషయంలో నిర్ణయం సరిగానే కుదిరింది కానీ, కొత్త రంగంలోని ఆవిష్కరణ వచ్చినప్పుడు ఇది లోటే అవుతుంది.

నా ప్రధాన ఫిర్యాదు రెండో ఆవిష్కరణ గురించి. సమావేశంలో కారణం అంత చక్కగా అర్థమయ్యాక కూడా రాతపూర్వక నిర్ణయం నెలల తరబడి రాలేదు. ఆ కాలమంతా పద్ధతిపై వ్యాసం ప్రచురించవచ్చో లేదో తెలియక, సిద్ధాంత గ్రంథం సమర్పించవలసిన విద్యార్థిని ఒక అధ్యాయాన్ని పక్కన పెట్టుకుని కూర్చుంది. చివరికి వచ్చిన లేఖలో విశ్వవిద్యాలయం ముందుకు వెళ్లడం లేదన్న ఒక్క వాక్యమే ఉంది. కారణం లేదు. హక్కులు మాకు తిరిగి ఇస్తున్నారో, తమ వద్దే ఉంచుకుంటున్నారో కూడా లేదు. మళ్లీ రాసి అడిగితే తప్ప హక్కులు వదులుకున్నట్టు పత్రం రాలేదు.

గడువు పెట్టడం అసాధ్యమేమీ కాదు. జర్మనీ చట్టం ప్రకారం ఉద్యోగి ఆవిష్కరణను తెలియజేసిన 4 నెలల్లోగా యాజమాన్యం దాన్ని వదులుకున్నట్టు చెప్పకపోతే, హక్కు యాజమాన్యానిదే అవుతుంది. అంటే ఎటైనా ఒక తేదీకి విషయం తేలిపోతుంది. అక్కడి విశ్వవిద్యాలయ ఆవిష్కర్తలకు ఆదాయంలో 30 శాతం కూడా చట్టమే ఇస్తుంది. మా దగ్గర ఆవిష్కర్త వాటాను ఖర్చులన్నీ మినహాయించాక లెక్కిస్తారు. ఏయే ఖర్చులను మినహాయిస్తారో రాసి ఇవ్వాలని అడిగాను.

ఈ లోపాలున్నా, ఆవిష్కరణ ఉందనుకునే సహోద్యోగులకు ఈ కార్యాలయానికి వెళ్లమనే చెబుతాను. వ్యాసం పంపకముందే, సదస్సు సారాంశం పంపకముందే వెళ్లండి. ఈ పని ఎవరికి పనికొస్తుందో కంపెనీల పేర్లతో సహా రాసుకుని వెళ్లండి, వెల్లడి పత్రంలో ఆ గడిని ఖాళీగా వదిలితే ఫైలు కదలదు. వెల్లడి పత్రం ఇచ్చిన రోజే, నిర్ణయం ఎప్పటికి వస్తుందో, వద్దంటే హక్కులు ఎవరికి చెందుతాయో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.