600 యెన్లకు ఒక పెట్టెడు జపాన్

టోక్యో జింబోచోలో, పాత పుస్తకాల దుకాణాల మధ్య, 600 యెన్లకు కొన్న పదాల కార్డుల పెట్టె ఇది. చరిత్ర కార్డులకే ఆ డబ్బు చెల్లు. ‘సంకిన్ కోటాయ్’ కార్డు చూడండి: 1635లో జపాన్ సైనిక పాలకుడైన షోగన్ దాన్ని చట్టం చేశాడు. సామంతులైన దైమ్యోలు ఏడాది విడిచి ఏడాది ఎడోలో (నేటి టోక్యోలో) ఉండాలి. సొంత ఊరికి వెళ్లినప్పుడు భార్యాబిడ్డలను ఎడోలోనే తాకట్టులా వదలాలి. ఊరేగింపుల ఖర్చుకే ఖజానాలు కరిగేవి. పెళ్లివారి మర్యాదలకు ఇల్లు గుల్లయినట్టే!

భూగోళం మాత్రం నీరసం. జపాన్‌లో రాష్ట్రాల్లాంటి 47 పాలనా విభాగాల్లో 43 ‘కెన్’లు, టోక్యో ‘టో’, హొక్కైడో ‘డో’, ఒసాకా, క్యోటోలు ‘ఫు’ అని ఎక్కడా చెప్పలేదు. లోపాల్లోనూ అందం చూసే ‘వాబి సాబి’ భావనకు ఒకే ఒక్క వాక్యం. అక్షరాలు చీమ తలకాయలంత. రైల్లో చదవాలంటే నా కళ్లద్దాలు కూడా చేతులెత్తేశాయి.