మహబూబ్‌నగర్‌లో 45 రోజుల వంట శిక్షణ: నా అనుభవం

సెంటర్ పేరు రాయట్లేదు. మంచితో పాటు వాళ్ల తప్పు కూడా చెప్పాలనుకుంటున్నా, ఆ తప్పు గురించి వాళ్లతో మేము ఇంకా మాట్లాడుతూనే ఉన్నాం. నేను చెప్తుంటే మా బిడ్డ టైప్ చేస్తోంది.

మాది దేవరకద్ర పక్కన ఊరు. పెళ్లయిన ఏడాదికే పుణె పోయాం, బిల్డింగ్ పనికి. పాలమూరు నుంచి ఎందుకు పోతారో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. నాలుగేళ్లు ఇటుకలు మోశాక నడుము పట్టేసింది, అప్పటి నుంచి మేస్త్రీ కింద పనిచేసే 30 మందికి పొద్దున, రాత్రి నేనే వండిపెట్టేదాన్ని, అట్లా ఇంకో ఐదేళ్లు. మా ఆయన చనిపోయాక బిడ్డను తీసుకుని ఊరికి వచ్చేశాను. చదివింది ఏడో తరగతి. హోటళ్ల చుట్టూ తిరిగితే గిన్నెలు కడిగే పని ఉందన్నారు. "వంట వస్తది సారూ" అంటే "యాడ చేసినవ్? సర్టిఫికెట్ ఉన్నదా?" అన్నారు. కూలీల అడ్డా మీద వండినదానికి కాగితం ఎవరిస్తారు?

ఈ శిక్షణ గురించి సంఘంలో ఒక అక్క చెప్పింది. ఫీజు లేదు, మధ్యాహ్నం అన్నం వాళ్లదే, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, ఫొటోలు ఇస్తే చాలు. టైం తొమ్మిదిన్నర నుంచి నాలుగున్నర. బస్సు ఖర్చు లేకపోవడం వల్లే నేను 45 రోజులూ పోగలిగాను, ఆడవాళ్లకి పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో టికెట్ లేదు కదా, 2023 డిసెంబరు నుంచి. మా బ్యాచ్‌లోనే ఇద్దరు మగపిల్లలు బస్సు కిరాయి పెట్టుకోలేక రెండో వారంలో మానేశారు. ఇది సెంటర్ వాళ్లు ఆలోచించాల్సిన విషయం.

బ్యాచ్‌లో 22 మందిమి. వలస నుంచి తిరిగొచ్చినవాళ్లం ఎక్కువ. చెవులు వినపడని ఒక తమ్ముడు, జైలు నుంచి వచ్చిన ఒకాయన, మర్రిగూడ వైపు నుంచి వచ్చి జడ్చర్లలో చెల్లె ఇంట్లో ఉంటున్న ఒక అన్న. ఆ అన్నకి చిన్నప్పటి నుంచి ఫ్లోరైడ్ నీళ్లు తాగి మోకాళ్లు వంకరపోయాయి, పది నిమిషాలు నిలబడలేడు. మొదటిరోజే చెఫ్ సారు ఎత్తు స్టూలు తెచ్చి బల్ల దగ్గర వేయించారు, "కూర్చుని కోసినా ఉల్లిగడ్డ ఉల్లిగడ్డే" అన్నారు. జైలు నుంచి వచ్చినాయన్ని ఎందుకు పోయావని 45 రోజుల్లో ఒక్కరు కూడా అడగలేదు, అడగొద్దని సారు మాకు ముందే చెప్పారు. కత్తి కూడా అందరితో పాటే ఆయన చేతికీ ఇచ్చారు. ఆయన ఆ కత్తిని రోజూ అందరికంటే శుభ్రంగా కడిగి పెట్టేవాడు.

పెద్ద కిచెన్‌లో వేడి గిన్నె పట్టుకుని ఎవరి వెనక నుంచైనా పోతుంటే "బిహైండ్, హాట్" అని అరవాలి. మా తమ్ముడికి అది వినపడదు. అందుకని వాడు పనిచేసే బల్లకి ఎదురుగా ఒక లైటు పెట్టించారు, వెనక నుంచి గిన్నె వస్తుంటే స్విచ్ వేస్తాం, వాడు పక్కకి జరుగుతాడు. ఖర్చు ఎంత? ఒక బల్బు, కొంచెం వైరు. ఏ హోటల్ వాళ్లయినా చేయొచ్చు.

ఇక నేర్పింది. నాకు వంట వచ్చు కదా, వీళ్లు కొత్తగా ఏం చెప్తారులే అనుకుని పోయాను. మొదటి వారం అంతా కత్తే. నాకు కింద కూర్చుని కత్తిపీట మీద కోయడం అలవాటు, నిలబడి పలక మీద, ఎడమ చేతి వేళ్లు లోపలికి మడిచి, కత్తి పక్క వేలి కణుపులకి ఆనుతూ కోయాలంటే నాలుగు రోజులు చేయి వణికింది. పచ్చి మాంసానికి ఎర్ర పలక, కూరగాయలకి ఆకుపచ్చ పలక, కలపొద్దు. రెండో వారం నుంచి కాంటా. ఉప్పు కూడా తూచాలి. నేను జీవితంలో ఉప్పు తూచలేదు. 30 మందికి వండినప్పుడు కూడా గుప్పెటతోనే. సారు ఏమన్నారంటే, "అక్కా, నువ్వు లేనిరోజు కూడా పప్పు నీ పప్పులాగే ఉండాలి, అందుకే తూచి రాయి" అని. అది నాకు బాగా పట్టింది. ఒకరోజు 10 కిలోల ఉల్లిగడ్డ తూచి, తొక్క తీసి మళ్లీ తూస్తే తొమ్మిదికి కొంచెం తక్కువ వచ్చింది. పోయిన కిలోకి కూడా డబ్బులు కట్టాం కాబట్టి ప్లేటు ధర లెక్కలో అది కలపాలి. పుణెలో మేస్త్రీ ఇచ్చిన డబ్బు నెలాఖరుకి ఎందుకు చాలేది కాదో, నేను తిన్నానేమో అని ఆయన ఎందుకు అనుమానపడేవాడో ఆ రోజు అర్థమైంది.

అన్నిటికంటే విలువైన పాఠం మిగిలిపోయిన అన్నం, పప్పు గురించి. వండిన తిండి 5 డిగ్రీలకీ 60 డిగ్రీలకీ మధ్య ఎక్కువసేపు ఉంటే అందులో క్రిములు పెరుగుతాయి. పెద్ద బోగాన్లో పప్పు పైన చల్లారినట్టు కనిపిస్తుంది, థర్మామీటర్ లోపలికి గుచ్చితే ఇంకా గోరువెచ్చగానే ఉంటుంది, క్రిములకి కావలసింది అదే వేడి. అందుకే వెడల్పు ట్రేల్లో పలచగా పోసి తొందరగా చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టాలి. అన్నంలో ఉండే ఒక రకం క్రిమి విడిచే విషం మళ్లీ వేడి చేసినా పోదట. పుణెలో రాత్రి అన్నం పొద్దున పోపు వేసి పెట్టేదాన్ని, ఎండాకాలంలో అప్పుడప్పుడు నలుగురైదుగురికి వాంతులు అయ్యేవి, నీళ్ల వల్ల అనుకునేవాళ్లం. ఈ క్లాసు విన్న రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

హోటల్ వంట అంటే ముందే చేసిపెట్టుకున్న గ్రేవీలు అని కూడా ఇక్కడే తెలిసింది. తెల్లది, టమాటాది, వేయించిన ఉల్లిగడ్డది ఉంటే ఆర్డర్ వచ్చాక పది నిమిషాల్లో కూర బయటికి పోతుంది. నూనె మంట లేస్తే నీళ్లు కొట్టకుండా గ్యాస్ ఆపి మూత పెట్టడం మా అందరితో చేయించారు.

ఇప్పుడు నచ్చనివి. ఆడవాళ్లని తందూరి దగ్గరికి రానివ్వలేదు, "మీకెందుకమ్మా ఆ వేడి" అన్నారు. పుణెలో రోడ్డు మీద తారు కాగే దగ్గర నిలబడ్డవాళ్లం మా బ్యాచ్‌లో ముగ్గురం ఉన్నాం. తందూరి వచ్చినవాళ్లకి జీతం ఎక్కువ, అది మాకు అందకుండా పోయింది. ఇంకొకటి, అంతా పనీర్, ఫ్రైడ్ రైసే. జొన్న రొట్టె మేము అడిగితే ఒక్కరోజు పెట్టారు, ఆ రోజు మేమే సారుకి నేర్పాం. ఊళ్లో సాయంత్రమైతే రొట్టెల బండ్ల దగ్గర జనం నిలబడి కొంటున్నారు, రొట్టె, పచ్చిపులుసు, తలకాయ కూర పాఠంలో ఎందుకు ఉండకూడదు?

అసలు బాధ ఉద్యోగాల దగ్గర. చేరేటప్పుడు "ఇక్కడే చూపిస్తాం" అన్నారు. 43వ రోజు లిస్టు పెడితే అన్నీ హైదరాబాద్ హోటళ్లు, మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రాత్రి పన్నెండు దాకా డ్యూటీ, ఉండేది హాస్టల్లో. పిల్లల్ని ఎవరి దగ్గర వదలాలి? మేము 13 మంది ఆడవాళ్లం, తొమ్మిది మందిమి పోలేమన్నాం. ఉద్యోగం ఇస్తే వద్దన్నట్టు కాగితం మీద రాసుకుని సంతకం పెట్టమన్నారు. నేను పెట్టలేదు. ఉద్యోగం వద్దని మాలో ఎవరూ అనలేదు, పిల్లలు బడి నుంచి వచ్చే టైంకి ఇంట్లో ఉండగలిగే పని కావాలన్నాం. ఏడ్చినంత పనైంది ఆ రోజు. బడి టైంకి సరిపోయే పని లేకపోతే ఆ మాట చేరిన రోజే చెప్పాలి.

తర్వాత మాకు మేమే వెతుక్కున్నాం. జడ్చర్ల దగ్గర పోలేపల్లిలో ఫార్మా కంపెనీలు ఉన్నాయి కదా, వాటికి క్యాంటీన్లు ఉంటాయి, అక్కడ పొద్దున షిఫ్టు ఉంటుంది. పోయి అడిగితే ఐదు కిలోల ఉల్లిగడ్డ కోయమన్నారు, వడ్డించే దాకా సాంబారు ఎంత వేడి మీద ఉంచాలని అడిగారు. 60కి తగ్గకూడదన్నాను. మర్నాటి నుంచి రమ్మన్నారు. 13 వేలు ఇస్తున్నారు, ఆరింటి నుంచి రెండింటి దాకా, పొద్దున బిడ్డను మా అమ్మ తయారుచేసి బడికి పంపుతుంది, బడి నుంచి వచ్చేసరికి నేను ఇంట్లో ఉంటున్నా. నా వెనక ఇద్దరిని చేర్పించాను. మర్రిగూడ అన్న చెల్లెతో కలిసి రొట్టెల బండి పెట్టాడు, ఎత్తు స్టూలు మీద కూర్చునే కాలుస్తాడు. ఫుడ్ లైసెన్సు వాళ్ల రిజిస్ట్రేషన్ ఏడాదికి వంద రూపాయలతో అయిపోయింది, ఫారం నింపడం శిక్షణలోనే నేర్పారు.

చేరాలనుకునేవాళ్లు చేరండి, నేర్పడంలో లోటు లేదు. కానీ సంతకం పెట్టే ముందే అడగండి: ఉద్యోగం ఏ ఊళ్లో, ఏ షిఫ్టు, పోయిన బ్యాచ్‌లో పిల్లలున్న ఆడవాళ్లు ఎంతమంది ఇప్పటికీ పనిలో ఉన్నారు, వాళ్లలో ఒకరితో మాట్లాడనిస్తారా అని. తందూరి నేర్పుతారా అని కూడా అడగండి. మేము అడిగాం, వచ్చే బ్యాచ్ నుంచి చూస్తామన్నారు.