తుపాకీ లైసెన్సు పునరుద్ధరణ: శ్రీకాకుళంలోని ఒక న్యాయవాది కార్యాలయం పనితీరు

గట్టు తగాదాలో బైండోవర్ అయిన (అంటే గొడవ చేయనని పూచీకత్తు రాసి ఇవ్వవలసి వచ్చిన) మా పెదనాన్నగారి ఆయుధ లైసెన్సును సస్పెండ్ చేసి, ఆయన సింగిల్ బ్యారెల్ తుపాకీని పోలీసు స్టేషనులో డిపాజిట్ చేయించినప్పుడు, దానిని విడిపించే పనిని శ్రీకాకుళం కోర్టుకు దగ్గరలో ఉన్న ఒక న్యాయవాది కార్యాలయానికి అప్పగించాము. న్యాయవాదులు ప్రకటనలు ఇచ్చుకోవడాన్ని బార్ కౌన్సిల్ నిబంధనలు అనుమతించవు కనుక పేరు రాయడం లేదు. మందస, సోంపేట, వజ్రపుకొత్తూరు వైపు జీడి తోటల కాపలాకు తుపాకీ ఉంచుకునే వారికి ఈ పని ఎలా నడుస్తుందో తెలియడం అవసరమని మాత్రం అనుకుంటున్నాను.

ఆ కార్యాలయంలో నాకు నచ్చినది, వకాలత్తు మీద సంతకం పెట్టించుకునే ముందే మీ చేతిలో ఉన్న ఉత్తర్వు ఏ రకానిదో తేల్చి చెప్పడం. ఎన్నికల ముందు అందరితో పాటు డిపాజిట్ చేసిన తుపాకీ, సస్పెండైన లైసెన్సు, రద్దయిన లైసెన్సు, చట్టమే నేరుగా విధించిన నిషేధం బయటికి ఒకేలా కనిపించినా, వాటికి దారులు వేరు. ఎన్నికల డిపాజిట్ కోసం వచ్చిన ఒక పెద్దాయనను, రసీదు పట్టుకుని స్టేషనుకు వెళ్తే సరిపోతుందని చెప్పి, రూపాయి తీసుకోకుండా పంపించివేశారు.

మా విషయంలో వారు వివరించినది ఇది. 1959 నాటి ఆయుధాల చట్టం 9వ సెక్షన్ ప్రకారం, శాంతిభద్రతల కోసం పూచీకత్తు రాసి ఇమ్మని ఆదేశం పొందిన వ్యక్తి ఆ పూచీకత్తు గడువు ఉన్నంత కాలం ఆయుధం ఉంచుకోరాదు. నేర విచారణ పద్ధతిని నిర్దేశించిన సీఆర్‌పీసీ 107వ సెక్షన్ కింద (2024 జూలై నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 126వ సెక్షన్ కింద కూడా) ఆ గడువు ఏడాదికి మించదు. కాబట్టి గడువు తీరగానే ఆ నిషేధం దానంతట అదే తొలగిపోతుంది. అయితే ఆయుధాల చట్టం 17వ సెక్షన్ కింద కలెక్టరు ఇచ్చిన సస్పెన్షన్ ఉత్తర్వు వేరే కాగితం కనుక, అది ఎత్తివేసే వరకు స్టేషను వారు తుపాకీ ఇవ్వరు. ఈ రెంటికీ తేడా తెలియక ఊళ్లో చాలామంది స్టేషను చుట్టూ తిరుగుతుంటారు, తిరగవలసిన చోటు కలెక్టరేటులోని మెజిస్టీరియల్ సెక్షన్ అయినా. సస్పెన్షనుకు కారణాలను రాతపూర్వకంగా నమోదు చేయాలనీ, లైసెన్సుదారు కోరితే, ప్రజాప్రయోజనానికి భంగమని భావిస్తే తప్ప, క్లుప్తంగానైనా తెలియజేయాలనీ అదే 17వ సెక్షన్ చెబుతుంది. మా దరఖాస్తు ఆ కారణాలను కోరడంతోనే మొదలైంది.

ఇక రసీదు సంగతి. స్టేషనులో ఇచ్చిన కార్బన్ ప్రతిలో "ఒక తుపాకీ" అని మాత్రమే ఉంది. నంబరు లేదు, తూటాల లెక్క లేదు. జూనియర్ న్యాయవాది లైసెన్సు పుస్తకంలోని నంబరును పక్కన పెట్టుకుని, స్టేషను రిజిస్టరులోని నమోదును సరిచేయించి, తూటాలతో సహా కొత్త రసీదు తెప్పించే వరకు ముందుకు కదలలేదు. అప్పుడు చాదస్తం అనిపించింది కానీ, ఆయుధాల చట్టం 21వ సెక్షన్ చదివి వినిపించాక విషయం అర్థమైంది: డిపాజిట్ చేసిన ఆయుధాన్ని నిర్ణీత గడువులోగా తిరిగి తీసుకోకపోయినా, చట్టప్రకారం అమ్మకపోయినా, నోటీసు ఇచ్చి ప్రభుత్వపరం చేసుకునే అధికారం జిల్లా మెజిస్ట్రేటుకు, అంటే కలెక్టరుకు, ఉంది. సస్పెన్షన్ నడుస్తున్న కాలంలో అలా చేయరాదు గాని, అది ముగిశాక అశ్రద్ధ చేస్తే తుపాకీ చేజారినట్లే.

వారు ఆశలు కల్పించరు. హింసతో గాని నైతిక పతనంతో గాని కూడిన నేరంలో జైలు శిక్ష పడిన వ్యక్తికి, శిక్షాకాలం ముగిశాక ఐదేళ్లు గడిచే దాకా, అప్పీలులో నిర్దోషిగా తేలితే తప్ప, దారి లేదని ముఖం మీదే చెబుతారు. కేవలం కేసు పెండింగులో ఉన్నంత మాత్రాన లైసెన్సు రద్దు చేయడం సరికాదని అలహాబాద్ హైకోర్టు పలుమార్లు అన్న మాట నిజమే అయినా, మన దగ్గర దానిని వాదనకు బలంగా చూపవచ్చునే తప్ప, కలెక్టరు దానికి కట్టుబడి ఉండాలని అనలేమని కూడా వారే చెప్పారు. అమెరికాలో 1791 నాటి రాజ్యాంగ సవరణ ఆయుధాన్ని హక్కుగా గుర్తిస్తే, ఇక్కడ అది షరతులతో కూడిన అనుమతి మాత్రమే. "నా హక్కు" అంటూ రాసిన అర్జీ కంటే ఏ షరతును ఎలా పాటిస్తున్నామో చూపే అర్జీకే విలువ ఉంటుంది. ఎలుగుబంటిని కాల్చడానికి తుపాకీ కావాలని పెదనాన్నగారు రాయించబోతే, అది వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులోని జంతువని, ఆ వాక్యం ఉంటే దరఖాస్తు అక్కడే ఆగిపోతుందని కొట్టివేశారు. పంట కాపలా, శబ్దంతో బెదరగొట్టడం వరకే ఉంచారు.

లోపాలు లేకపోలేదు. ఫీజు ఒక మొత్తంగా చెప్పి, ఆ తర్వాత టైపింగుకు, నోటరీకి, జిరాక్సులకు విడివిడిగా అడిగారు. చిల్లర ఖర్చులను మొదటే కాగితం మీద రాసి ఇస్తే బాగుండేది. పోలీసుల స్పెషల్ బ్రాంచి విచారణ పూర్తయిన సంగతిని వారు కబురు చేయలేదు, మేమే వెళ్లి తెలుసుకున్నాము. గుమస్తా ఫోను ఎత్తడు. సాయంత్రం కోర్టు పని ముగిశాక వెళ్తే మాత్రం న్యాయవాదిగారు తీరిగ్గా మాట్లాడతారు.

సస్పెన్షన్ ఎత్తివేశారు, తుపాకీ చేతికొచ్చింది. బైండోవర్, సస్పెన్షన్, కింది కోర్టు శిక్ష అప్పీలులో కొట్టివేయబడటం వంటి సందర్భాలకు ఈ కార్యాలయాన్ని నిస్సంకోచంగా సూచిస్తాను. ప్రజాభద్రత కారణంగా పూర్తిగా రద్దయిన లైసెన్సుకు 18వ సెక్షన్ అప్పీలు వేయవలసిన వారు, గడువు దాటక ముందే విశాఖలో మరొక న్యాయవాది అభిప్రాయం కూడా తీసుకోవడం మంచిది. వెళ్లేటప్పుడు లైసెన్సు పుస్తకం, ఉత్తర్వు, డిపాజిట్ రసీదు అసలు ప్రతులే తీసుకువెళ్లండి. ఫోనులో తీసిన ఫొటోలు చూసి వారు అభిప్రాయం చెప్పరు.