రెక్కల మీది చుక్కలు లెక్కపెట్టాలంటే ఈ బైనాక్యులర్ తీసుకోండి

అనంతపురం చుట్టుపక్కల చెనక్కాయ చేల గెనిమల మీద, బోదగడ్డిలో, మోకాలి ఎత్తు దాటకుండా గెంతుతున్నట్టు ఎగిరే గోధుమరంగు చిన్న సీతాకోకచిలుకలు మీరూ చూసే ఉంటారు. వాటి పేరు తేల్చుకోవాలనే పెంటాక్స్ పాపిలియో కొన్నాను, 6.5x21 రకం. చాలా నచ్చింది.

మామూలు బైనాక్యులర్‌లో కాళ్ల దగ్గరున్నది మసకే. ఇది అర మీటరు దూరంలో ఉన్నదాన్ని కూడా చూపిస్తుంది. దగ్గరికి ఫోకస్ తిప్పేకొద్దీ లోపల ముందు లెన్సులు రెండూ ఒకదాని వైపు ఒకటి జరుగుతాయి, అందుకే బొమ్మ రెండుగా విడిపోదు. బరువు 290 గ్రాములే. అంతకుముందు ఫోన్‌కి తగిలించే క్లిప్ లెన్స్ ఒకటి వాడాను, దాంతో చూడాలంటే వేలెడు దూరంలోకి పోవాలి, మన నీడ పడిందంటే అది తుర్రుమన్నట్టే.

మొన్న అక్టోబరులో వానలు వెలిశాక ఒక పొద్దున గడ్డిపోచ మీద రెక్కలు మూసుకుని కూర్చున్నది దొరికింది. బూడిద కలిసిన తెలుపు, దాని మీద పెన్సిల్‌తో గీకినట్టు సన్నటి గోధుమ గీతలు. ముందు రెక్క కొసన పసుపు అంచుతో కన్ను లాంటి పెద్ద నల్ల మచ్చ, ఆ నలుపులో రెండు వెండి చుక్కలు. వెనక రెక్క మీద పైన ఒక కన్ను, కింద మూలగా మూడు. మా అన్న కూతురు చేతిలోంచి లాక్కుని చూసి "చిన్నాయనా, నాలుగుండాయి!" అని అరిచింది, అయినా అది ఎగరలేదు. వెనక రెక్క మీద ఇలా నాలుగు కళ్లుంటే చాలావరకు అది కామన్ ఫోర్‌రింగ్ అనే సీతాకోకచిలుకే. ఎండాకాలంలో మాత్రం తొందరపడొద్దు, ఆ కళ్లన్నీ చిన్న చుక్కలుగా చిక్కిపోతాయి కాబట్టి ఒక ఫొటో కూడా తీసి పెట్టుకోండి.

పెద్దగా చూపించేది ఆరున్నర రెట్లే, రోళ్లపాడు అభయారణ్యంలో దూరంగా మేసే కృష్ణజింకల కోసమైతే ఇది వద్దు. లెన్సు 21 మిల్లీమీటర్లే, కాబట్టి పొద్దుగుంకే వేళ తిరిగే ఈవెనింగ్ బ్రౌన్ సీతాకోకచిలుకకి వెలుతురు చాలదు. ఫోర్‌రింగ్ కోసమైతే పొద్దున ఎండ మీ వీపు మీద పడేలా గెనిమ మీద కూర్చోండి, ఎగిరినా వెంటపడొద్దు, నాలుగడుగుల అవతల ఇంకో గడ్డిపోచ మీద వాలుతుంది.