పేజ్‌మేకర్ నుంచి ఇన్‌డిజైన్‌కి: రెండిటి ముందూ పాతికేళ్లు కూర్చున్నాక

విజయవాడ ఏలూరు రోడ్డు వెనక సందులో మాకో చిన్న డీటీపీ సెంటర్ ఉంది. 1999లో ఆపరేటర్‌గా చేరాను. ఓనరు గారు పెద్దవారై మానేశాక ఆ బోర్డూ, రెండు కంప్యూటర్లూ, లేజర్ ప్రింటరూ నాకే మిగిలాయి. మొదటి ఎనిమిదేళ్లు పుస్తకాల, కరపత్రాల పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్ తప్ప ఇంకోటి తెలియదు. తర్వాత ఓ నాలుగేళ్లు పేజ్‌మేకర్, ఇన్‌డిజైన్ రెండూ నడిపాం. ఇప్పుడు పనంతా ఇన్‌డిజైన్‌లోనే.

అయినా ఫోన్ చేసి "పేజ్‌మేకర్ ఇంకా వాడొచ్చా అండీ?" అని అడిగేవాళ్లు ఉన్నారు. కరపత్రాలు, చిట్‌ఫండ్ పాసుపుస్తకాలు, గుడి కమిటీ ఆహ్వానాలు చేసే చిన్న సెంటర్ల వాళ్లు. వాళ్లకి ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెబుతున్నదే ఇక్కడ ఒకచోట రాస్తున్నాను. ఈ రెండూ అడోబ్ అనే ఒకే కంపెనీ సరుకు. ఒకే పని చేసేవి రెండు ఒకే ఇంట్లో ఉంటే ఏదో ఒకదానికి అన్నం తగ్గుతుంది. అప్పుడు కంపెనీ మనతో "కంగారు పడకండి" అంటుంది. ఆ మాటను ఎలా వినాలో ఈ పాతికేళ్లలో కొంత నేర్చుకున్నాను.

పేజ్‌మేకర్ అడోబ్ కన్న బిడ్డ కాదు, దత్తత. సియాటిల్‌లో పాల్ బ్రెయినర్డ్ పెట్టిన ఆల్డస్ కంపెనీ దాన్ని 1985లో మెకింటాష్ మీద తెచ్చింది. మన బోర్డుల మీద రాసుకునే డీటీపీ అనే మూడక్షరాల వెనకున్న "డెస్క్‌టాప్ పబ్లిషింగ్" అనే మాటను వాడుకలోకి తెచ్చింది కూడా ఆయనే. 1994లో అడోబ్ ఆ ఆల్డస్‌ని కలిపేసుకుంది. నేను చేరేనాటికి పెట్టె మీద అడోబ్ పేరే ఉండేది కాబట్టి ఈ సంగతులేవీ మాకు తెలియవు. తెలిసినా మా పని మారేది కాదు.

పేజ్‌మేకర్ గురించి ముందు మంచే చెబుతాను. తెల్ల బల్ల మీద కాగితం పరిచినట్టు ఉండేది. పేజీ పక్కన ఖాళీలో బొమ్మలు, శీర్షికలు పడేసుకుని, కావలసినప్పుడు లోపలికి లాక్కునేవాళ్లం. మ్యాటర్ పేజీలో పట్టకపోతే అడుగున చిన్న ఎర్ర త్రికోణం కనిపించేది. దాన్ని నొక్కి పక్క పేజీలో పోసుకోవడమే. కంట్రోల్ ఈ నొక్కితే స్టోరీ ఎడిటర్, అందులో ప్రూఫు దిద్దుకోవడం. పెంటియం మిషన్ మీద కూడా ఉరికేది. చెడు ఏంటంటే, వెనక్కి తీసుకోవడం ఒక్కసారే. తప్పు చేసి, ఇంకో మీట నొక్కామా, అయిపోయింది. ప్రతి రెండు నిమిషాలకీ సేవ్ చేసే అలవాటు నాకు అక్కడే వచ్చింది. ఇప్పటికీ మా అబ్బాయి "ఎందుకమ్మా అన్నిసార్లు కంట్రోల్ ఎస్ కొడతావ్" అంటాడు.

1999లోనే ఇన్‌డిజైన్ మొదటి వెర్షన్ వచ్చింది. మా సందులో ఎవరూ పట్టించుకోలేదు. 2001లో పేజ్‌మేకర్ 7.0 రావడంతో ఇంకా ధీమాగా ఉన్నాం. ఫైలు పేరు చివరి తోక పీ65 పోయి పీఎండీ అయింది, అంతే తేడా అనుకున్నాం. అదే చివరి పెద్ద వెర్షన్ అని అప్పుడు ఎవరనుకుంటారు?

2004లో అడోబ్ పేజ్‌మేకర్ అభివృద్ధిని ఆపేసింది. అమ్మడం మాత్రం ఆపలేదు. ఆ రోజుల్లో సాఫ్ట్‌వేర్ అమ్మే కుర్రాడొకడు మా ఓనరు గారి దగ్గరికి వచ్చి, "పేజ్‌మేకర్ ఎక్కడికీ పోదండీ, సపోర్ట్ ఉంటుంది" అని ధైర్యం చెప్పి, ఓ కాపీ అంటగట్టి వెళ్లాడు. అబద్ధం చెప్పాడని అనను. అమ్మకం ఉంది, సపోర్ట్ ఉంది. అతను చెప్పనిది, మేం అడగనిది, తర్వాతి వెర్షన్ ఎప్పుడు వస్తుందన్నది. సాఫ్ట్‌వేర్ భాషలో "సపోర్ట్" అంటే ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచడం. "డెవలప్‌మెంట్" అంటే రేపటి విండోస్‌తో పాటు అదీ నడవడం. మొదటిది మాత్రమే వినిపించి రెండోది వినిపించలేదంటే ఆ సరుకుకి గడువు మొదలైనట్టే. మాకు ఇది ఎక్స్‌పీ పోయి కొత్త విండోస్ వచ్చినప్పుడు గానీ అర్థం కాలేదు.

అయితే ఇక్కడ అడోబ్‌కి దక్కాల్సిన మెప్పు ఒకటుంది. పేజ్‌మేకర్ వాళ్లని ఉత్త మాటలతో పంపేయలేదు. 2004లోనే ఇన్‌డిజైన్ సీఎస్ వెర్షన్ మీద పేజ్‌మేకర్ ఎడిషన్ అని ఒకటి తెచ్చింది. పాత అలవాట్లు వదలనివాళ్ల కోసం కట్టిన వంతెన అది. అందులో పేజ్‌మేకర్ లాంటి టూల్‌బార్, పేజ్‌మేకర్ షార్ట్‌కట్ మీటల సెట్, బులెట్లు, నంబర్లు, చిన్న పుస్తకాలకు పేజీలు జతచేసి ప్రింటుకు అమర్చే సదుపాయం, జాబితాలోని పేర్లని పేజీలో దానంతటదే నింపే డేటా మెర్జ్ ఉన్నాయి.

నేను దీన్ని వాడింది చాలా ఆలస్యంగా, 2007లో. మామూలు ఇన్‌డిజైన్‌లో మొదటి వారం నాకు కన్నీళ్లొక్కటే తక్కువ. స్టోరీ ఎడిటర్ కోసం వేళ్లు వాటంతటవే కంట్రోల్ ఈ కొట్టేవి, ఎక్స్‌పోర్ట్ పెట్టె తెరుచుకునేది. రోజుకి యాభైసార్లు ఆ పెట్టె మూసి ఉంటాను. షార్ట్‌కట్ల సెట్ పేజ్‌మేకర్‌ది పెట్టుకోవచ్చని పక్క సెంటర్ ఆపరేటర్ చూపించిన రోజున పోయిన ప్రాణం లేచొచ్చింది. సాఫ్ట్‌వేర్ అనేది మెదడు కన్నా ముందు వేళ్లకు అలవాటయ్యే వస్తువు. దాన్ని తయారుచేసిన వాళ్లలో ఎవరో ఈ సంగతి గ్రహించారు. వాళ్లెవరో తెలియదు గానీ దండం పెట్టాలి.

డేటా మెర్జ్ మా బతుకే మార్చింది. అంతకు ముందు స్కూలు సర్టిఫికెట్లు మూడొందలు చేయాలంటే మూడొందల పేర్లూ ఒక్కొక్కటే అతికించేవాళ్లం. ఇక వెనక్కి తీసుకోవడం ఎన్నిసార్లయినా! అప్పటి మా ఆపరేటర్లకి అది దేవుడిచ్చిన వరం. ప్రెస్సు వాళ్లు బటర్ పేపర్ ప్రింట్లు వద్దని పీడీఎఫ్ అడగడం మొదలుపెట్టాక ఇంకో మేలు తెలిసొచ్చింది. పేజ్‌మేకర్‌లో పీడీఎఫ్ కావాలంటే పోస్ట్‌స్క్రిప్ట్ ఫైలు చేసి, దాన్ని డిస్టిలర్‌లో వేసి, ఫాంట్లు లోపలికి వచ్చాయో లేదో చూసుకోవాలి. ఇన్‌డిజైన్‌లో నేరుగా వచ్చేస్తుంది.

ఇప్పుడు అసలు కష్టం. కంపెనీ కట్టిన ఏ వంతెనా తెలుగును దృష్టిలో పెట్టుకుని కట్టలేదు.

మేమంతా అను ఫాంట్ల మీద, యాపిల్ అనే తెలుగు కీబోర్డు అమరిక మీద చెయ్యి తిరిగినవాళ్లం. ఆ తరం తెలుగు ఫాంట్లన్నిటి కిటుకూ ఒకటే. ఇంగ్లీషు అక్షరాల గళ్లలో తెలుగు ముక్కలు కూర్చుంటాయి. ఒక గడిలో తలకట్టు, ఒక గడిలో కొమ్ము, ఒక గడిలో వత్తు. కంప్యూటర్ దృష్టిలో అది తెలుగే కాదు, అర్థం లేని ఇంగ్లీషు. పేజ్‌మేకర్ ఫైలుని ఇన్‌డిజైన్ చక్కగానే తెరిచేది, పేజీలు వచ్చేవి, బొమ్మలు వచ్చేవి. కానీ హైఫనేషన్ ఆన్‌లో ఉందా, అది ఇంగ్లీషే అనుకుని మాటని నచ్చినచోట విరిచి, వత్తుని కింది లైనుకి తోసేసేది. కొటేషన్ గుర్తుల్ని వంకర గుర్తులుగా మార్చే సెట్టింగు ఉంటే ఆ గడిలో కూర్చున్న తెలుగు ముక్క ఎగిరిపోయేది. ఈ రెండూ ఆపేసుకోవాలి, భాష దగ్గర ఏ భాషా కాదని పెట్టుకోవాలి. ఈ చిన్న విషయం తెలియడానికి నాకు నెల పట్టింది.

అది తెలిశాక కూడా చెయ్యి కాల్చుకున్నాను. ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారి వ్యాకరణ పుస్తకం రెండో ముద్రణ. డెమ్మీ సైజు, 208 పేజీలు, ఫారానికి 16 పేజీల లెక్కన సరిగ్గా 13 ఫారాలు. పాత పీఎండీ ఫైలుని ఇన్‌డిజైన్‌లోకి మార్చాను. పేజ్‌మేకర్ లైను లైనుగా విరుస్తుంది. ఇన్‌డిజైన్ మామూలుగా పేరా మొత్తాన్ని చూసుకుని విరుస్తుంది. దాంతో ప్రతి అధ్యాయంలో నాలుగైదు లైన్లు అటూ ఇటూ అయి పుస్తకం 214 పేజీలైంది. ఆరు పేజీల కోసం ఇంకో ఫారం వేస్తే మాస్టారికి కాగితం ఖర్చు దండగ. అక్కడక్కడ లీడింగ్, అంటే లైన్ల మధ్య ఎడం, తగ్గించి మళ్లీ 208కి తెచ్చి, ఎంత తెలివైనదాన్నో అనుకుంటూ ప్రెస్సుకి పంపేశాను. విషయసూచికలో నంబర్లు మాత్రం పాతవే ఉండిపోయాయి. పుస్తకం వచ్చాక మాస్టారు సెంటర్‌కి వచ్చి కూర్చుని, "ఏమ్మా, సంధులు చెప్పినచోట సమాసాలున్నాయి, పేజీలు నడిచిపోయాయా?" అన్నారు. తప్పు పూర్తిగా నాదే. తప్పొప్పుల చీటీ నా ఖర్చుతో వేసి, ప్రతి కాపీలో నేనే అతికించాను. అప్పటి నుంచి పాత ఫైలు మార్చిన ప్రతిసారీ పాత పుస్తకం ఒక చేత్తో, కొత్త ప్రూఫు ఇంకో చేత్తో పట్టుకుని ప్రతి పేజీ చివరి లైనూ సరిపోలుస్తాను.

2012లో వచ్చిన సీఎస్6తో ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ తెలుగు, అంటే తెలుగు అక్షరాలకి సొంత గళ్లున్న పద్ధతి, సరిగ్గా కూర్చోవడం మొదలైంది. వరల్డ్ రెడీ కంపోజర్ అని ఒకటి పెట్టుకుంటే వత్తులు, గుణింతాలు వాటి చోట అవే నిలబడతాయి. మండలి, రామభద్ర లాంటి ఉచిత ఫాంట్లు వచ్చాయి. కొత్త పుస్తకాలు ఇప్పుడు యూనికోడ్‌లోనే చేస్తున్నాను. పాతవి అను నుంచి యూనికోడ్‌కి మార్చే సాధనాలున్నాయి, కానీ మార్చాక ప్రూఫు మొదటి అక్షరం నుంచి చదవాల్సిందే. ఇన్నాళ్లూ పేజ్‌మేకర్‌కి కట్టుబడ్డామనుకున్నాం గానీ, మమ్మల్ని అసలు కట్టేసింది ఫాంటు.

ఫ్రీహ్యాండ్ గురించి చెప్పకపోతే ఈ సమీక్ష ఏకపక్షం అవుతుంది. హైదరాబాద్‌లో ఒక ప్రకటనల ఆఫీసులో ఏడాది పనిచేసినప్పుడు మ్యాక్ మీద దాన్ని వాడాను. బొమ్మలు గీసే పనికి అంత హాయైన సాఫ్ట్‌వేర్ నాకు మళ్లీ దొరకలేదు. ఇదీ ఆల్డస్ అమ్మినదే. 1994లో అడోబ్ చేతికి రావాల్సిందే, కానీ అడోబ్‌కి అప్పటికే అదే పని చేసే ఇలస్ట్రేటర్ ఉంది. రెండూ ఒకరి దగ్గరే ఉంటే పోటీ చచ్చిపోతుందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అడ్డుపడి, దాన్ని తయారుచేసిన ఆల్ట్‌సిస్ కంపెనీకి తిరిగి ఇప్పించింది. పదేళ్ల పాటు తిరిగి కొనకూడదని కట్టడి కూడా చేసింది. ఆల్ట్‌సిస్‌ని 1995లో మాక్రోమీడియా కొన్నది. ఆ పదేళ్లూ గడిచాక, 2005లో అడోబ్ ఆ మాక్రోమీడియానే సుమారు 340 కోట్ల డాలర్లకు కొన్నది. తిరిగి తిరిగి కోడిపిల్ల గద్ద గూటికే వచ్చింది.

వాడకందార్లు భయపడ్డారు. ఫ్రీహ్యాండ్‌కి మద్దతు ఉంటుంది, కస్టమర్ల అవసరాన్ని బట్టి అభివృద్ధి కూడా చేస్తామని 2006లో అడోబ్ చెప్పింది. 2007 మే నెలలో ఇక కొత్త వెర్షన్ లేదు, ఇలస్ట్రేటర్‌కి రండి అంది. ఒకే ఫైలులో రకరకాల సైజుల పేజీలు పెట్టుకోవడం ఫ్రీహ్యాండ్ వాళ్లకి ఏళ్ల నాటి అలవాటు. ఇలస్ట్రేటర్‌కి అది వచ్చింది 2008లో, సీఎస్4తో. అంటే గది కట్టకుండానే ఇల్లు ఖాళీ చేయమన్నారు. 2011లో కొందరు వాడకందార్లు అమెరికాలో కోర్టుకి కూడా వెళ్లారు, చివరికి రాజీ అయింది. తర్వాతి ఇలస్ట్రేటర్లు ఫ్రీహ్యాండ్ ఫైళ్లని తెరవడం కూడా మానేశాయి. మాక్రోమీడియా నుంచి వచ్చిన వెబ్ బొమ్మల సాఫ్ట్‌వేర్ ఫైర్‌వర్క్స్‌కి 2013లో ఇదే గతి పట్టింది. అయితే ప్రతిసారీ కొన్నవాళ్ల దగ్గర ముందే ఉన్నదే గెలుస్తుందనీ లేదు. వెబ్ పేజీల పనిలో అడోబ్ దగ్గర అంతకు ముందే ఉన్న గోలైవ్ పోయి, మాక్రోమీడియా డ్రీమ్‌వీవర్ నిలబడింది.

అందుకే ఈమధ్య మేం వాడే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ని ఇంకెవరో కొన్నారని తెలిసి, వాళ్ల ఏజెంటు వచ్చి "ఏం మారదు మేడమ్, టెన్షన్ వద్దు" అన్నప్పుడు నేను అడిగినవి మూడే. కొత్త వెర్షన్ ఏ నెలలో వస్తుంది? నా పాత డేటా ఇంకో దానిలో తెరిచి నా కళ్ల ముందు చూపిస్తావా? అది అందరు వాడకందార్లకీ రాతలో చెప్పారా, నువ్వు నోటితో చెబుతున్నావా? రెండోదానికి మాత్రం లాప్‌టాప్ తీసి చూపించాడు. మిగతా రెండిటికీ కనుక్కుని చెబుతానన్నాడు. నేనైతే ఆ రాత్రే డేటా మొత్తం ఎక్సెల్‌లోకి తీసి పెన్‌డ్రైవ్‌లో దాచాను.

ఫోన్ చేసేవాళ్లకి నా జవాబు ఇది: కొత్త పని పేజ్‌మేకర్‌లో మొదలుపెట్టకండి. నేర్చుకునే పిల్లలకి అసలు చూపించకండి, ఆ గంటలు ఇన్‌డిజైన్ మీదా యూనికోడ్ మీదా పెట్టించండి. ఇన్‌డిజైన్‌కి నెలనెలా కట్టే డబ్బు చిన్న సెంటర్‌కి బరువే, అది ఒప్పుకుంటాను. నాకూ బరువే. పాత ఫైళ్లున్నవాళ్లు మాత్రం సీఎస్6 ఉన్న మిషన్ని పారేయకండి. పేజ్‌మేకర్ ఫైలుని తెరిచే దారి అక్కడి వరకే ఉంది, ఆ తర్వాత వచ్చిన, నెలనెలా డబ్బు కట్టే సీసీ వెర్షన్లలో లేదు.

మా సెంటర్ మూలన ఎక్స్‌పీ మిషన్ ఒకటి ఇంకా ఉంది, మీద దుప్పటి కప్పి ఉంటుంది. పోయిన నెల ఆ వ్యాకరణం మాస్టారి అమ్మాయి వచ్చింది, నాన్నగారి పుస్తకం మూడో ముద్రణ వేయాలట. దుప్పటి తీసి, స్విచ్ వేసి, అది లేచేలోపు ఇద్దరం టీ తాగాం. ఈసారి విషయసూచిక ముందు పెట్టుకుని కూర్చున్నాను.