బాధితులకు పరిహారం: దోషి జరిమానా నుంచా, ప్రభుత్వ నిధి నుంచా?

తీర్పు వచ్చాక డబ్బు వస్తుందని చాలా కుటుంబాలు ఏళ్ల తరబడి ఎదురుచూస్తాయి. దోషి నుంచి పరిహారం ఇప్పించే ఆ మొదటి దారి, క్రిమినల్ కేసులు ఎలా నడవాలో చెప్పే చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 395వ సెక్షన్. శిక్ష పడాలి, దోషి దగ్గర డబ్బుండాలి. జరిమానా సొమ్మయితే అప్పీలు గడువు ముగిసేదాకా, అప్పీలు వేస్తే అది తేలేదాకా చేతికి రాదు.

రెండోది 396వ సెక్షన్. ఇక్కడ చెల్లించేది రాష్ట్ర ప్రభుత్వ నిధి. నేరస్థుడు దొరక్కపోయినా, కోర్టు విచారణే జరగకపోయినా, ఉచిత న్యాయ సహాయం అందించే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ దరఖాస్తుపై సంస్థ రెండు నెలల్లో విచారణ ముగించాలన్నది చట్టం మాట. అత్యవసరమైతే మధ్యంతర సాయం, ఉచిత వైద్యం కూడా అడగండి; చాలామంది అడగక నష్టపోతున్నారు.

మహిళా బాధితుల కోసం 2018లో వచ్చిన జాతీయ పథకంలో అత్యాచారానికి 4 నుంచి 7 లక్షలు, యాసిడ్ దాడిలో ముఖం వికృతమైతే 7 నుంచి 8 లక్షలు. సాధారణంగా అందులో 75 శాతం కనీసం మూడేళ్లు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంటుంది, కాబట్టి మొత్తం సొమ్ము వెంటనే వాడుకోవచ్చనుకుని అప్పులు చేయవద్దు.

మా సలహా: ముందు రెండో దారే పట్టండి. ఎఫ్‌ఐఆర్ నకలు, వైద్య నివేదిక, బ్యాంకు పాస్‌బుక్ దగ్గర పెట్టుకుని న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి.