కమ్యూనికేషన్ స్టడీస్‌లో ఎంఏ: చదివిన ఆరేళ్లకు నా మాట

అమెరికాలో మిడ్‌వెస్ట్‌లోని ఒక స్టేట్ యూనివర్సిటీలో కమ్యూనికేషన్ స్టడీస్ ఎంఏ చేశాను. పూర్తయి ఆరేళ్లు. ఈ మధ్య పిల్లలు ఫోన్ చేసి "అక్కా, చేరమంటావా?" అని అడుగుతున్నారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ఇది జర్నలిజం కాదు. వార్త రాయడం, కెమెరా పట్టడం మాకు నేర్పలేదు. మనిషి ఎదుటివాళ్లను ఎలా ఒప్పిస్తాడు, ఎక్కడ మాట దాచుకుంటాడు, ఎందుకు చనువు పెంచుకుంటాడు అన్నదే చదువంతా. 1975లో బెర్గర్, కలబ్రీస్ రాసిన అన్‌సర్టెన్టీ రిడక్షన్ థియరీ చదువుతుంటే నాకు మన రైలు ప్రయాణాలే గుర్తొచ్చాయి. కొత్త మనిషి పక్కన కూర్చోగానే "ఏ ఊరండీ మీది?" అని మొదలుపెడతాం కదా, ఆ ప్రశ్నల వెనక ఏముందో చెప్పే సిద్ధాంతం అది.

మా ప్రోగ్రాంలో మొత్తం 36 క్రెడిట్లు. సెమిస్టర్‌కి మూడు కోర్సులు, జీపీఏ 3.0 తగ్గకూడదు. వినడానికి మూడే, కానీ ఒక్కో సెమినార్‌కి వారానికి వంద పేజీలు చదవాలి. చదవకుండా వెళ్తే పది మంది గుండ్రంగా కూర్చునే గదిలో ఇట్టే దొరికిపోతాం. స్టాటిస్టిక్స్ కూడా తప్పదు. లెక్కలు వదిలించుకుందామని ఈ కోర్సుకు రావద్దు.

నాకు అసిస్టెంట్‌షిప్ వచ్చింది. ట్యూషన్ మాఫీ, చిన్న స్టైపెండ్. బదులుగా బీఏ పిల్లలకు పబ్లిక్ స్పీకింగ్ చెప్పాలి. మొదటి రోజు మార్కర్ పట్టుకున్న చెయ్యి వణికింది. ఇన్సూరెన్స్, మిగతా ఫీజులు మాత్రం మనమే కట్టుకోవాలి. ఆఫర్ లెటర్ వచ్చినప్పుడే ఈ సంగతి అడగండి, నేను అడగలేదు.

థీసిస్ వద్దనుకుంటే కాంప్రహెన్సివ్ పరీక్ష రాసి బయటపడొచ్చు. నేను థీసిస్సే తీసుకున్నాను. ఊళ్లోని తెలుగు ఇళ్లల్లో అత్తాకోడళ్లు ఫోన్లో 'మీరు', 'నువ్వు', 'అండి' ఎలా వాడుకుంటారన్నది అంశం. ఇంటర్వ్యూలు మొదలుపెట్టే ముందు ఐఆర్‌బీ అనే నైతికతా కమిటీ అనుమతి కావాలి. ఆ శిక్షణలో అమెరికాలోని టస్కెగీలో జరిగిన ఒక అధ్యయనం గురించి చదివాను. 1932 నుంచి 1972 దాకా సిఫిలిస్ ఉన్న నల్లజాతి మగవాళ్లకు జబ్బేమిటో చెప్పకుండా, మందు ఉన్నా ఇవ్వకుండా గమనిస్తూ కూర్చున్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పాల్గొనేవాళ్ల సంతకం ఎందుకు అడుగుతారో అప్పుడు అర్థమైంది.

తీరా ఫారం పట్టుకుని వెళ్తే ఆ సంతకం దగ్గరే ఆగిపోయింది. ఒక ఆంటీ కాఫీ ఇచ్చి, గంటసేపు అత్తగారి కబుర్లు చెప్పడానికి సిద్ధపడి, కాగితం చూడగానే కప్పు కింద పెట్టేశారు. "మాట్లాడతానమ్మా, సంతకం మాత్రం వద్దు. మావి వీసా బతుకులు." మర్నాడు మా గైడ్‌కి చెప్పాను. నోటిమాటగా సమ్మతి తీసుకునేలా మళ్లీ దరఖాస్తు పెట్టమన్నారు. అనుమతి రావడానికి నెల పట్టింది. ఆ నెల పోయినందుకు నాకు ఏ బాధా లేదు. రెండేళ్లలో నేను నేర్చుకున్నదాంట్లో సగం ఆ కప్పు దగ్గరే ఉంది.

ఉద్యోగం సంగతి దాచను. మామూలు కమ్యూనికేషన్ స్టడీస్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) జాబితాలో లేదు. చదువయ్యాక అక్కడే పనిచేయడానికిచ్చే అనుమతి, ఓపీటీ, ఏడాదే; స్టెమ్ వాళ్లకొచ్చే అదనపు 24 నెలలు మనకు రావు. ఆ ఏడాదంతా టెన్షన్‌తోనే గడిపాను. అప్పు చేసి, అసిస్టెంట్‌షిప్ లేకుండా వస్తానంటే నేను వద్దనే చెబుతాను. అసిస్టెంట్‌షిప్ ఉంటే రండి, థీసిస్ రాయండి.

ఇప్పుడు హైదరాబాద్‌లో ఒక కంపెనీకి యూజర్ ఇంటర్వ్యూలు చేస్తుంటాను. రికార్డర్ నొక్కే ముందు, ఎవరైనా సరే, వాళ్లకు అర్థమయ్యే మాటల్లో ముందు చెబుతాను: ఇది ఎందుకు, ఎవరు వింటారు, ఎప్పుడు వద్దన్నా ఆపేస్తాను.